హ్యాష్ బటన్ ఎక్కడుందో చెప్పి నొక్కమనండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

బ్యాంకుకో, కరెంటు ఆఫీసుకో, గ్యాస్ ఏజెన్సీకో, ఏదైనా ప్రభుత్వ సహాయ కేంద్రానికో ఫోన్ చేస్తే ఈ రోజుల్లో ముందుగా పలికేది మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు. తెలుగు కోసం ఫలానా అంకె నొక్కమంటుంది, నొక్కుతాం. వినియోగదారు సంఖ్య నమోదు చేయమంటుంది, చేస్తాం. ఆ వెంటనే "తరువాత హ్యాష్ నొక్కండి" అంటుంది. ఎంతోమంది పెద్దవాళ్లు సరిగ్గా అక్కడే ఆగిపోతున్నారు. ఇంకోవైపు, ముక్కూమొహం తెలియని వాడెవడో ఫోన్ చేసి, స్టార్‌తో మొదలై హ్యాష్‌తో ముగిసే ఒక వరుస చెప్పి డయల్ చేయమంటే మాత్రం, బాగా చదువుకున్నవాళ్లు కూడా చెప్పింది చెప్పినట్టు నొక్కేసి తమకు రావలసిన ఫోన్లన్నీ వాడికి మళ్లించుకుంటున్నారు. ఈ రెండూ వేర్వేరు ఇబ్బందుల్లా కనబడుతున్నా మూలం ఒక్కటే: ఫోన్ మీద కింది వరుస చివర కూర్చున్న ఆ # బటన్ ఏం చేస్తుందో జనానికి విడమరచి చెప్పినవాళ్లు లేరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా ఆ సంగతి కొంత వివరంగా రాయడానికీ, ఫోన్ ద్వారా సేవలందిస్తున్న సంస్థలను కొన్ని మార్పులు కోరడానికీ మీ పత్రికలో కాస్త చోటు ఇవ్వవలసిందిగా మనవి.

హ్యాష్ చేసే పని చాలా చిన్నది. "నేను చెప్పదలచుకున్నది అయిపోయింది, ఇక నీ పని కానివ్వు" అని యంత్రానికి తెలియజేయడమే. ఎదుటి మనిషికి ఫోన్ నంబరు చెబుతున్నప్పుడు చివరి అంకె దగ్గర మనకు తెలియకుండానే గొంతు దించుతాం, అతనికి అర్థమైపోతుంది. యంత్రానికి అలాంటి సూచన ఏదీ అందదు. 450 రూపాయలు కట్టదలచిన మనిషి నాలుగు, ఐదు, సున్నా నొక్కి ఊరుకుంటే, అతను కట్టబోయేది నాలుగు వందల యాభయ్యో, ఇంకో సున్నా నొక్కి దాన్ని నాలుగు వేల ఐదు వందలు చేయబోతున్నాడో దానికి తెలిసే మార్గం లేదు. అప్పుడు దానికి ఉన్నవి రెండే దారులు: కొన్ని సెకన్లు చూసి, ఇంకేమీ రాకపోతే అయిపోయిందనుకోవడం, లేదా అయిపోయిందని తెలిపే గుర్తు ఒకటి అడిగి పుచ్చుకోవడం. డబ్బు విషయంలో రెండోదే క్షేమం కనుక అక్కడ హ్యాష్ అడగడంలో న్యాయం ఉంది.

కాని మనల్ని ఫోన్లో అడిగే సంఖ్యల్లో ఎక్కువ భాగం ఇలాంటివి కావు. మొబైల్ నంబరుకు పది అంకెలు, ఆధార్‌కు పన్నెండు, పిన్ కోడ్‌కు ఆరు, రైలు టికెట్ పీఎన్ఆర్‌కు పది. పన్నెండో అంకె పడగానే ఆధార్ సంఖ్య పూర్తయిందని యంత్రానికి తెలుసు. తెలిసి కూడా హ్యాష్ ఎందుకు అడుగుతుందంటే, నాకు కనబడుతున్న కారణం బద్ధకమే. ప్రోగ్రాం తయారుచేసినవాళ్లు ఏ ప్రశ్నకు ఏది అవసరమో చూడకుండా అన్నింటికీ ఒకే అచ్చు పోసి వదిలేస్తున్నారు. ఆ అచ్చులో హ్యాష్ నొక్కడానికి ఇచ్చే గడువు కూడా అందరికీ ఒకటే. ఇరవయ్యేళ్ల కుర్రవాడికి ఎంతో, ఎనభయ్యేళ్ల ముసలాయనకూ అంతే.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరైన మనిషి. పింఛను ఖాతాలో నిల్వ తెలుసుకోవడానికి ఆవిడ బ్యాంకుకు ఫోన్ చేస్తుండగా నేను పక్కనే ఉన్నాను. స్మార్ట్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే తెర ఆరిపోతుంది. చెంప తగిలి బటన్లు నొక్కుకుపోకుండా పైభాగంలో ఉన్న సెన్సర్ చేసే పని అది. గొంతు అడిగింది విని, ఫోన్ కిందికి దించి, తెర వెలిగేదాకా ఆగి, అందులో కీప్యాడ్ తెరిచే చిన్న గుర్తును వెతికి నొక్కి, అంకెలు కనబడ్డాక పాస్‌బుక్కులో చూసుకుంటూ ఖాతా సంఖ్యను ఒక్కో అంకే కొట్టడానికి ఆవిడకు చాలా సమయం పట్టింది. అప్పటికి "హ్యాష్" అన్న మాట చెవిలో ఉంది కాని, ఆ పేరుతో తెర మీద ఏమీ లేదు. ఇంగ్లీషు తెలిసిన మనిషి కావడంతో హెచ్ అక్షరంతో మొదలయ్యే మాట కదా అనుకుని, నాలుగో అంకె కింద సన్నగా ఉన్న జీ, హెచ్, ఐ అక్షరాలు చూసి నాలుగు నొక్కారు. ఖాతా సంఖ్యకు ఒక అంకె ఎక్కువైంది. "మీరు నమోదు చేసిన సంఖ్య సరైనది కాదు" అని గొంతు మర్యాదగా చెప్పి మళ్లీ భాష ఎంపిక దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఆవిడ ఆలోచించిన తీరులో నాకు తప్పేమీ కనబడలేదు. పేరు మాత్రం చెప్పి, రూపం గాని, ఉన్న చోటు గాని చెప్పకపోతే ఎవరైనా అలాగే వెతుకుతారు.

మన పెద్దవాళ్లకు ఈ బటన్ కొత్తగా అనిపించడానికి ఇంకో కారణం ఉంది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికాలో బెల్ టెలిఫోన్ వ్యవస్థ 1963 నవంబరులో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ అనే పట్టణాల్లో, వేలితో తిప్పే డయల్‌కు బదులు బటన్లున్న ఫోన్లను చందాదారులకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటి మీద ఉన్నవి పది అంకెలే. సున్నాకు అటూ ఇటూ ఉన్న చోట్లు ఖాళీ. ఫోన్ ద్వారా కంప్యూటర్లతోనూ పని చేయించుకునే రోజు వస్తుందన్న ముందుచూపుతో 1968లో ఆ రెండు ఖాళీల్లో స్టార్‌ను, హ్యాష్‌ను చేర్చారు. లోపలి ఏర్పాటు ముచ్చటైనది. ప్రతి అడ్డు వరుసకూ ఒక స్వరం, ప్రతి నిలువు వరుసకూ ఇంకో స్వరం ఉంటాయి; ఏ బటన్ నొక్కినా దాని అడ్డు వరుస స్వరమూ నిలువు వరుస స్వరమూ కలిసి ఒక్కసారే మోగుతాయి. హ్యాష్ నొక్కితే 941 హెర్ట్జ్, 1477 హెర్ట్జ్ స్వరాలు జంటగా వెళ్తాయి. మాట్లాడుతున్న మనిషి గొంతులో సరిగ్గా ఆ జంట పొరపాటున పలకడం అరుదు కనుక అవతలి యంత్రం మాటను చూసి బటన్ అనుకోదు. నిజానికి ఆ ఏర్పాటులో పదహారు బటన్లకు చోటుంది; నాలుగో నిలువు వరుసలోని ఏ, బీ, సీ, డీ బటన్లను అమెరికా సైన్యం తన ఆటోవాన్ టెలిఫోన్ వ్యవస్థలో అత్యవసర కాల్స్‌కు వాడుకుంది, మామూలు జనానికి అవి రాలేదు.

మన దగ్గర పరిస్థితి వేరు. స్ట్రౌజర్ అనే పాత యాంత్రిక ఎక్స్ఛేంజీలు నడిచిన రోజుల్లో, తిప్పిన డయల్ వెనక్కి వస్తూ లైన్‌ను తెంపి కలిపే టకటకలను లెక్కపెట్టడమే ఎక్స్ఛేంజికి తెలిసిన విద్య. ఏడు తిప్పితే ఏడు టకటకలు, సున్నా తిప్పితే పది. హ్యాష్‌కు ఎన్ని టకటకలని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే ఆ లెక్కలో హ్యాష్ లేదు. అలాంటి ఎక్స్ఛేంజీల కోసం తయారైన బటన్ ఫోన్లు బజారులోకి వచ్చినప్పుడు పనిలేని ఆ బటన్‌కు తయారీదారులు మరో పని అప్పగించారు: చాలా ఫోన్లలో హ్యాష్ నొక్కితే ఇంతకుముందు తిప్పిన నంబరే మళ్లీ కలిసేది. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చి స్వరాలను గుర్తించడం మొదలైన తరువాత కూడా, ఫోన్ అడుగునో పక్కనో పల్స్‌కు (టకటకల పద్ధతికి) పీ, టోన్‌కు (స్వరాల పద్ధతికి) టీ అని రాసివుండే చిన్న స్విచ్ చాలా ఇళ్లలో పీ దగ్గరే ఉండిపోయింది. అంకెలన్నీ పనిచేస్తున్నాయి, హ్యాష్ ఒక్కటే పనిచేయడం లేదని ఫిర్యాదు వస్తే, లైన్‌మన్ వెళ్లి పిన్నీసు మొనతో ఆ స్విచ్‌ను టీ వైపు జరిపి రావడం మాకు మామూలే. ఈ విధంగా ఒక తరం వారికి హ్యాష్ అంటే రీడయల్ బటన్, లేదా ఎందుకూ పనికిరాని బటన్. వారే ఇప్పుడు డెబ్బై దాటి, పింఛను కోసం, గ్యాస్ కోసం, ఆసుపత్రి అపాయింట్‌మెంటు కోసం దాన్ని నొక్కవలసి వస్తోంది.

పేరు విషయం క్లుప్తంగా చెబుతాను. మనకు ఇంగ్లండు వాడుక ప్రకారం హ్యాష్ అలవాటైంది. అమెరికాలో దాన్ని పౌండ్ అంటారు. తూకంలో పౌండ్లను రాసే పాత పొట్టి గుర్తు చేతిరాతలో అరిగి ఈ రూపానికి వచ్చిందని చెబుతారు. అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల్లో దాని పేరు స్క్వేర్. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లిన మన తల్లిదండ్రులు అక్కడి మందుల షాపుకు ఫోన్ చేసినప్పుడు "ప్రెస్ పౌండ్" అని వినబడితే ఇంగ్లండు కరెన్సీ గుర్తు కోసం వెతకడంలో వింత లేదు. హైదరాబాదులో అమెరికా కంపెనీలతో కాన్ఫరెన్స్ కాల్స్‌లో కూర్చునే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ పౌండ్ బాగా తెలుసు కాని, ఇంట్లో అమ్మకు చెప్పివుండరు. కీబోర్డుల్లోనూ ఇదే తికమక ఉంది. మనం వాడే అమెరికా పద్ధతి కీబోర్డు మీద షిఫ్ట్‌తో 3 నొక్కితే హ్యాష్ పడుతుంది. బ్రిటన్ కీబోర్డు మీద అదే చోట వాళ్ల కరెన్సీ గుర్తు పడుతుంది, హ్యాష్ ఎంటర్ పక్కకు జరిగింది. కంప్యూటర్లు ఒక్కో అక్షరాన్ని ఒక్కో సంఖ్యగా గుర్తుపెట్టుకునే పాత ఏడు బిట్ల కోడ్‌లో 35వ స్థానాన్ని అమెరికా హ్యాష్‌కు ఇస్తే, బ్రిటన్ తన కరెన్సీకి ఇచ్చుకోవడం దీని వెనుక కథ. ఇక 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా ట్విటర్‌లో సూచించిన తరువాత హ్యాష్‌ట్యాగులు పుట్టి, మనవలు ఆ బటన్‌ను హ్యాష్‌ట్యాగ్ అని కూడా అంటున్నారు. ఇన్ని పేర్ల మధ్య ఏ పేరు సరైనదని తగవు పెట్టుకోవడం వృథా. సున్నాకు కుడిపక్కన ఉందని చెబితే పేరుతో పని లేకుండా అందరికీ దొరుకుతుంది.

రెండో సంగతికి వస్తాను, అసలు ఆందోళన దీని గురించే. సెల్‌ఫోన్‌లో స్టార్‌కూ హ్యాష్‌కూ ఒక నియమబద్ధమైన పద్ధతి ఉంది. జీఎస్ఎమ్ అనే ప్రమాణంతో పనిచేసే సెల్‌ఫోన్లు పుట్టినప్పటి నుంచి అది పెద్దగా మారలేదు. వరుస స్టార్‌తో మొదలైతే ఒక సౌకర్యాన్ని ప్రారంభించమని, హ్యాష్‌తో మొదలైతే ఆపమని, స్టార్ వెంట హ్యాష్ వస్తే ఇప్పుడు ఎలా ఉందో చూపించమని, రెండు హ్యాష్‌లతో మొదలైతే పూర్తిగా చెరిపేయమని అర్థం. మధ్యలో వచ్చే అంకెలు ఏ సౌకర్యమో చెబుతాయి. చివర వచ్చే హ్యాష్ మాత్రం ఎప్పుడూ ఒక్క అర్థమే ఇస్తుంది: ఆదేశం పూర్తయింది, అమలు చేయి. అందుచేత ఇంటర్నెట్ లేకుండా, ఏ యాప్ తెరవకుండా, పాస్‌వర్డ్ అడగకుండా ఒక సామాన్యమైన కీప్యాడ్ మీద నుంచి కంపెనీ యంత్రాలకు ఆజ్ఞలు ఇవ్వవచ్చు. సెల్‌ఫోన్ వాడే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఈ అధికారం ఉంది, ఉన్నట్టు చాలామందికి తెలియదు.

మోసగాళ్లకు ఇది బాగా తెలుసు. కొరియర్ వచ్చిందనో, మీ సిమ్ ఆగిపోతుందనో, నెట్‌వర్క్ సరిచేస్తామనో నమ్మించి, *21* అని నొక్కి, ఆపైన తాము చెప్పే పది అంకెలు నొక్కి, చివర హ్యాష్ కొట్టి పచ్చ బటన్ నొక్కమంటారు. కొన్ని కంపెనీల సిమ్ములకైతే 401తో మొదలయ్యే వరుస చెబుతారు. చెప్పినట్టు చేసిన క్షణం నుంచి ఆ మనిషికి వచ్చే కాల్స్ అన్నీ మోసగాడి ఫోన్‌లో మోగుతాయి. ఇక్కడ ఒక వివరం తెలిసివుండడం అవసరం. ఇలా మళ్లేవి కాల్స్ మాత్రమే, ఎస్ఎంఎస్‌లు కావు. అయితే వాట్సాప్ వంటి సేవలు ధ్రువీకరణ అంకెలను ఎస్ఎంఎస్‌గానే కాక, కోరితే ఫోన్ చేసి గొంతుతోనూ చెబుతాయి. మోసగాడు ఆ రెండో మార్గాన్నే ఎంచుకుని, ఆ కాల్ తానే ఎత్తి, ఖాతా స్వాధీనం చేసుకుని, బాధితుడి పేరుతో బంధువులందరికీ డబ్బు కావాలని సందేశాలు పంపుతాడు. బాధితుడు ఏ అంకెలనూ ఎవరికీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు, కాబట్టి తనకు ఏం జరిగిందో అతనికే అంతుపట్టదు. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని ఎన్నిసార్లు హెచ్చరించినా ఈ తరహా మోసంలో అది అక్కరకు రాదు.

ఈ బెడద చూసే కేంద్ర టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి కోడ్‌ల ద్వారా కాల్స్ మళ్లించే సౌకర్యాన్ని నిలిపివేయాలని కంపెనీలను ఆదేశించింది. మంచి పనే. అయినా ఒక కోడ్‌ను మూసినంత మాత్రాన ఎత్తుగడ మూతపడదు. ఫోన్ సెట్టింగులలోకి వెళ్లి ఫలానా చోట ఫలానా నంబరు వేయమని చెప్పడానికి మోసగాడికి నోరుంది. హ్యాష్‌తో ముగిసే వరుస ఒక ఆజ్ఞ అనీ, ఎవరికి ఏం ఆజ్ఞ ఇస్తున్నామో తెలియకుండా పచ్చ బటన్ నొక్కకూడదనీ మనిషికి ఒకసారి బోధపడితే, రేపు ఇంకో అంకెతో ఇంకో కోడ్ వచ్చినా అతను ఆగి ఆలోచిస్తాడు. అలాంటి వరుసల్లో ఎక్కువ భాగం చివరి హ్యాష్ కొట్టాక కూడా పచ్చ బటన్ నొక్కితేనే వెళ్తాయి కనుక, ఆ ఒక్క క్షణం ఆగడానికి వీలుంది.

అనుమానం వచ్చినవాళ్లు *#21# డయల్ చేస్తే తమ కాల్స్ అన్నీ ఎటైనా మళ్లుతున్నాయో లేదో తెర మీద కనబడుతుంది. ##002# డయల్ చేస్తే అన్ని రకాల మళ్లింపులూ రద్దవుతాయి. ఫోన్ ఆగిపోయినప్పుడో సిగ్నల్ అందనప్పుడో జరిగే మళ్లింపును *#62#తో చూసి, అక్కడ తెలియని నంబరు ఉందని హడలిపోయి తమ ఫోన్‌ను ఎవరో వింటున్నారని వాట్సాప్‌లో ప్రచారం చేసేవాళ్లూ ఉన్నారు. అది తరచుగా మిస్డ్ కాల్ సమాచారం పంపడానికి కంపెనీ పెట్టుకున్న నంబరే అయివుంటుంది. డబ్బు పోతే మాత్రం ఈ కోడ్‌లతో కాలక్షేపం చేయకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఈ మాటలు చదివి హ్యాష్ అంటేనే భయపడవలసిన పని లేదు. అలా భయపెట్టేలా రాసే హెచ్చరికల వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. *#06# అని నొక్కగానే, పచ్చ బటన్ అవసరం లేకుండానే, ఫోన్ తన పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య, అంటే ఆ ఫోన్‌కు ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, చూపిస్తుంది. ఫోన్ పోయినప్పుడు టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దాన్ని ఎక్కడా పనిచేయకుండా నిలిపివేయించాలంటే ఆ సంఖ్య ముఖ్యం. పోయాక చూసుకునే వీలుండదు కనుక ఇప్పుడే నొక్కి, డైరీలో రాసిపెట్టుకోవాలి. అలాగే *99# అనే సేవ ఉంది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజనతో పాటు దేశమంతటికీ అందుబాటులోకి తెచ్చిన ఈ సేవ ద్వారా, ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్‌లో బ్యాంకు నిల్వ చూసుకోవచ్చు, 5,000 రూపాయల దాకా పంపుకోవచ్చు. తెలుగులోనూ వాడుకోవచ్చు. దీని మీద వాడకందారు నుంచి కంపెనీలు వసూలు చేసే రుసుమును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో 50 పైసలకు తగ్గించి, 2022లో పూర్తిగా ఎత్తివేసింది. ఇంత చేసినా పల్లెల్లో ఈ సేవను వాడేవారు నాకు అరుదుగానే కనబడుతున్నారు. స్టార్ తొంభై తొమ్మిది హ్యాష్ అని గోడ మీద రాసిపెడితే, అది ఫోన్ నంబరేనా అని సందేహపడిన రైతును చూశాను. అతని సందేహం సబబే; ఫోన్ నంబరుకు హ్యాష్ ఉండదు కదా.

ఇక సంస్థలకు నా విన్నపం. మొదటిది, తెలుగు రికార్డింగులో "హ్యాష్ నొక్కండి" అని ఊరుకోకుండా, "కింది వరుసలో సున్నాకు కుడిపక్కన, రెండు అడ్డగీతలు రెండు నిలువు గీతలు ఉన్న హ్యాష్ బటన్ నొక్కండి" అని చెప్పించాలి. ఆ వాక్యం చదవడానికి ఆరేడు సెకన్లకు మించి పట్టదు. ప్రకటనలు వినిపించడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం తీసుకుంటున్న సంస్థలకు అది బరువు కాదు. చూపు లేనివారికి కూడా ఈ వివరణ ఉపయోగమే. బటన్ ఫోన్లలో ఐదు మీద చిన్న బొడిపె ఉంటుంది. దాని మీద వేలు పెట్టి రెండు వరుసలు కిందికి, ఒక బటన్ కుడికి జరిగితే హ్యాష్ తగులుతుంది. నున్నటి గాజు తెర మీద ఆ ఆసరా పోయింది కనుక, చోటు చెప్పడం వారి విషయంలో మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా.

రెండోది, అంకెల లెక్క ముందే తెలిసిన సంఖ్యలకు హ్యాష్ అడగడం పూర్తిగా మానేయాలి. అడిగి తీరాలంటే కనీసం, హ్యాష్ నొక్కకపోయినా పదో అంకెతోనో పన్నెండో అంకెతోనో సంఖ్యను స్వీకరించాలి. డబ్బు మొత్తం వంటివి అడిగినప్పుడు హ్యాష్ రాకపోతే ఫోన్ పెట్టేయకుండా, అప్పటిదాకా నొక్కిన అంకెలను చదివి వినిపించి, సరైనదైతే ఒకటి నొక్కమని అడగవచ్చు. ఒకటి ఎక్కడుందో తెలియనివాళ్లు ఉండరు. గడువు దాటితే మొదటికి పంపకుండా ఆగిన చోటే మళ్లీ అడగాలి. ఇవేవీ కొత్త యంత్రాలు కొనవలసిన పనులు కావు, ప్రోగ్రాంలో సవరించుకోగలిగినవే.

ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో టెలికాం కంపెనీల వినియోగదారు సేవా కేంద్రాల రికార్డింగుకు ఒక క్రమం నిర్దేశించింది: మొదట భాష ఎంచుకునే వీలు, తరువాత సేవల వర్గాలు, ఆపైన మనిషితో మాట్లాడే అవకాశం ఉండాలని. గొంతు ఏ వరుసలో మాట్లాడాలో చెప్పగలిగిన నియంత్రణ సంస్థ, బటన్ ఎక్కడుందో వివరించాలనీ, అనవసరంగా హ్యాష్ అడగరాదనీ ఒక నిబంధన చేర్చలేకపోవడానికి కారణం కనబడదు. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకూ, విద్యుత్ పంపిణీ సంస్థల విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల నియంత్రణ మండళ్లూ ఇదే దారిలో ఆలోచించాలి. మనిషితో మాట్లాడే అవకాశాన్ని మాత్రం ఎక్కడా హ్యాష్ వెనుక దాచకూడదు. హ్యాష్ దొరకనివారికే మనిషి సాయం ఎక్కువ అవసరం.

మీ పత్రికకు కూడా ఒక కోరిక. సైబర్ మోసాల వార్తలు రాసేటప్పుడు "ఒక కోడ్ డయల్ చేయించి" అని వదిలేస్తున్నారు. ఆ కోడ్ ఎలా ఉంటుందో, అందులో ఏ భాగానికి ఏ అర్థమో రెండు వాక్యాల్లో రాస్తే పాఠకుడికి మోసం జరిగిన తీరు తెలుస్తుంది. కోడ్ అచ్చేస్తే దొంగలకు సాయం చేసినట్టవుతుందన్న సంకోచం ఉంటే, అది అక్కర్లేదు. దొంగలకు అది ఏనాడో తెలుసు. కోడ్‌లు అచ్చేసేటప్పుడు స్టార్, హ్యాష్ గుర్తులు రాలిపోకుండా ప్రూఫు చూడవలసిందిగా కూడా మనవి. ##002# లో మొదటి రెండు హ్యాష్‌లలో ఒకటి జారిపోతే చెరిపేయమన్న ఆజ్ఞ ఆపమన్న ఆజ్ఞగా మారిపోతుంది. వీలైతే ఆదివారం సంచికలో ఒక చిన్న గడిలో ఫోన్ కీప్యాడ్ బొమ్మ వేసి, హ్యాష్ చోటును ముదురుగా అచ్చేసి, పక్కన *#06#, *#21#, ##002#, *99# అనే నాలుగు వరుసలకూ అర్థాలు, కింద 1930 నంబరు ఇవ్వండి. అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉండాలి. అది ఎవరికి కావాలో వారికి సన్న అక్షరాలు ఆనవు. మా పింఛనుదారుల సంఘం నోటీసు బోర్డు మీద అతికించే బాధ్యత నాది.

భవదీయుడు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
తెనాలి